అనువర్తిత భూభౌతిక శాస్త్రం: వృత్తి సంఘాలు, సదస్సులు

మెదక్ జిల్లా నర్సాపూర్ ప్రాంతంలో నేల కింద ప్రధానంగా గ్రానైట్ ఉంది. ఇటువంటి గట్టి రాతిలో నీరు శిథిలమైన పై పొరలోనూ, పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. అందుకే బోరు వేసే ముందు విద్యుత్ నిరోధకత సర్వే చేస్తారు. రెండు ఎలక్ట్రోడుల ద్వారా నేలలోకి కరెంటు పంపి, మరో రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. నిరోధకత తక్కువగా వస్తే అక్కడ నీరు ఉండవచ్చు. వట్టి బంకమట్టి కూడా కావచ్చు. ఒకే వక్రరేఖకు ఒకటికి మించిన వివరణలు సరిపోతాయి. బోరు ఎండితే అప్పు మాత్రం రైతుదే.

ఒంటరిగా పనిచేసే సర్వేయరు ఈ సందేహాన్ని తీర్చుకోలేడు. ఇటువంటి రేఖే వచ్చిన మరోచోట తవ్వితే ఏం తేలిందో అతనికి తెలియాలి. వృత్తి సంఘాల అవసరం ఇక్కడే వస్తుంది.

ఈ సంఘాలకు మన దేశంలో హైదరాబాదు ముఖ్య కేంద్రం. అక్కడ 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1964లో ఇండియన్ జియోఫిజికల్ యూనియన్ ఏర్పడ్డాయి. అసోసియేషన్ ఆఫ్ ఎక్స్‌ప్లొరేషన్ జియోఫిజిసిస్ట్స్ కేంద్రం కూడా ఆ నగరమే. అమెరికాలో చమురు అన్వేషణ రంగంలోనివారు ఇటువంటి సంఘాన్ని 1930లోనే స్థాపించుకున్నారు.

సంఘమంటే సభ్యత్వ రుసుము, ఏటా ఒక సమావేశం అనుకోకండి. సదస్సులో పత్రం సమర్పించినవారిని తోటివారు నిలదీస్తారు: ఎలక్ట్రోడుల మధ్య దూరమెంత? తవ్వి సరిచూశారా? విఫలమైన బోర్లు ఎన్ని? చివరి ప్రశ్నకు పత్రాలలో జవాబు అరుదు. విజయాలే ఎక్కువగా అచ్చవుతాయి. మీరు అటువంటి పత్రం చదివితే, తవ్వకంలో ఏ లోతున ఏ రాయి తగిలిందో చూపే పట్టిక ఉందేమో ముందుగా వెతకండి.