ఆవరణలో తాబేళ్లు: పోట్లాటలు, చిన్న గాయాలు



రెండు పోట్లగిత్తల్ని ఒకే గాబు దగ్గర కట్టరు మీరు. ఎందుకని? బయట మేస్తున్నప్పుడు ఆ రెండూ కాసేపు తలలు ఢీకొంటాయి. ఓడినది పక్కకు తప్పుకుంటుంది, దానితో తగువు తీరిపోతుంది. తాడు బిగించి కట్టామా, ఓడినదానికి పోయే దారి వుండదు. కొమ్ముపోటు తగిలేది అప్పుడే. మూసిన చోట పెంచే ఏ జీవికైనా ఇంతే. అద్దాల తొట్టిలో జంటగా పెంచే క్లౌన్ చేపలను చూడండి. వాటిలో ఆడది పెద్దది, పెత్తనం దానిదే. మగదాన్ని తరిమి రెక్కలు కొరుకుతుంది. తొట్టి ఇరుకైతే, దాక్కునేందుకు చాటు లేకపోతే, ఆ చిన్న చేప మూలకు చేరి నలిగిపోతుంది. పోట్లాట సహజం, తప్పుకునే చోటు లేకపోవడమే ప్రమాదం. ఈ మాట పట్టుకుని మనకు దగ్గరలో వున్న తాబేలు సంగతి ఇవాళ ముచ్చటించుకుందాం.

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో శ్రీకూర్మం వుంది గదా. విష్ణువును కూర్మరూపంలో కొలిచే ఆ ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను సాకుతూ వచ్చారు. పొలంలోనో తోటలోనో తాబేలు కనబడితే స్వామికి సమర్పిద్దామని తెచ్చి ఇచ్చిన భక్తులు ఎందరో. ఆ భక్తిని ఎవరు కాదంటారు? కాని ఒక్కొక్కటీ వచ్చి చేరుతూ ఉంటే ఏ ఆవరణ అయినా ఇరుకవుతుంది. ఇరుకైన చోట తాబేలు పడే బాధ పైకి తెలియదు. ఆవులాగా అరవదు, కుక్కలాగా మూలగదు. అంచేత చూసేవాడే కనిపెట్టాలి.

ముందు ఈ జీవి స్వభావం తెలుసుకోవాలి. నక్షత్ర తాబేలు నేల తాబేలు. డిప్పమీద పసుపురంగు చారలు చుక్కల్లా విరజిమ్మినట్టు వుంటాయి. దానికి ఈత రాదు. తాబేలే గదా అని చెరువులోనో, పుష్కరిణిలోనో, నూతిలోనో వదిలితే మునిగి చస్తుంది. మెట్ట నేలల్లో, తుప్పల్లో, గడ్డిబీళ్లలో తిరుగుతుంది. గడ్డి, ఆకులు, పువ్వులు, రాలిన పళ్లు దాని మేత. ఆడది పెద్దది, మగది చిన్నది. తిరగేసి చూస్తే మగదాని అడుగుపలక కాస్త లోపలికి నొక్కుకుపోయి, తోక పొడుగ్గా వుంటుంది. ఆడదానికి అడుగు చదును, తోక పొట్టి.

వానలు పడగానే వీటికి చురుకు పుడుతుంది. జతకట్టే కాలమూ అదే. మగవి ఒకదాన్ని ఒకటి డిప్పతో గుద్దుకుంటాయి, తోసుకుంటాయి, వెల్లకిలా పడదోయాలని చూస్తాయి. ఆడదాని వెంటపడి పదేపదే ఢీకొంటాయి కూడాను. తుప్పల్లో అయితే ఆడది ఏ కంపకిందికో దూరిపోతుంది. గోడల మధ్య అది ఎక్కడికి పోతుంది? తిండి మానేసి నీరసపడుతుంది. ఇక వెల్లకిలా పడ్డ తాబేలు తనంతట తాను లేవలేకపోతే, మండుటెండలో దాని ప్రాణానికి ముప్పు. దాని ఒంటివేడి బయటి వేడిని బట్టే వుంటుంది. నీడకు పోలేకపోతే ఒళ్లు ఉడికిపోతుంది.

అంచేత ఆవరణ చూసుకునేవారు మొదట చేయవలసినది మందు తేవడం కాదు, చోటు సర్దడం. మగవాటిని వీలైనంత తగ్గించి, ఆడవాటి సంఖ్య ఎక్కువ ఉండేట్టు చూడండి. పోరు మానని మగదాన్ని వేరే గదిలో పెట్టండి. నాలుగు పక్కలా గడ్డిదుబ్బులు, పొదలు, వాలుగా నిలబెట్టిన పలకలు వుంచితే ఒకదాని కంటికి ఒకటి పడకుండా తిరుగుతాయి. మూలలు గుండ్రంగా వుండాలి. చదరపు మూలలో చిక్కినది బయటపడలేదు. మేత ఒకే కుప్పగా పోయకండి. నాలుగైదు చోట్ల జల్లండి, నీళ్లపళ్లేలూ అలాగే పెట్టండి. పళ్లెం లోతు తక్కువగా, అంచు నేలకు సమానంగా వుండాలి. పొద్దున్నా, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఒకసారి తిరిగి చూసి, వెల్లకిలా పడ్డవాటిని మెల్లగా సరిచేసి నీడలో వుంచండి.

కొత్తగా వచ్చిన తాబేలును తిన్నగా మందలో కలపవద్దు. కొత్త పశువును కొన్నాళ్లు విడిగా కట్టినట్టే దీన్నీ వారాల తరబడి విడిగా వుంచి చూడాలి. ముక్కు కారడం, కళ్లు వాయడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం కనిపిస్తే అది మందంతటికీ పాకే జబ్బు కావచ్చు.

ఇక గాయాల సంగతి. డిప్ప గట్టిగా వుందని అది రాయి అనుకోకండి. అది బతికివున్న ఎముక. పైన గోరువంటి పొర, లోపల నెత్తురు, నరాలు వున్నాయి. నొక్కితే తెలుస్తుంది, పగిలితే నొప్పి పుడుతుంది. అందుకే దానిమీద రంగు పూయడం, పేరు చెక్కడం, తాడు కట్టేందుకు చిల్లు పొడవడం పాపమే కాక హాని కూడాను.

డిప్ప అంచు చిట్లినా, కాలిమీద చర్మం గీరుకుపోయినా ముందు ఆ తాబేలును మిగతావాటినుంచి వేరుచేయాలి. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి ఆ నీటితో మట్టి పోయేట్టు కడగండి. తరవాత పోవిడోన్ అయోడిన్‌ను నీళ్లలో కలిపి, లేత టీ రంగు వచ్చేట్టు చేసి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. శుభ్రమైన పొడిచోట, దోమతెర కప్పి వుంచండి. పుండుమీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగు పడుతుంది. ఆ పురుగు చేసే చెరుపు దెబ్బ చేసినదానికన్నా ఎక్కువ. ఓపిక పట్టాలి సుమా! ఈ జీవికి అన్నీ నెమ్మది. చర్మం మానడానికి వారాలు, డిప్ప మానడానికి నెలలు పడుతుంది.

చీలిక లోతుగా వుండి లోపలి మాంసం కనిపిస్తే నీళ్లు పోయవద్దు. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే పశువైద్యుని దగ్గరకు చేర్చండి. నెత్తురు ఆగకపోయినా, చెడువాసన వచ్చినా, కాలు ఈడ్చినా, మేత మానేసినా ఇదే పద్ధతి.

పశువైద్య సహాయకులకు ప్రత్యేకంగా ఒక మాట. పశువులకు, గొర్రెలకు పురుగుమందుగా వాడే ఐవర్‌మెక్టిన్ మీ సంచిలో వుంటుంది. తాబేలుకు అది విషం. సూదిగా గాని, మరే విధంగా గాని ఇవ్వకండి. గొర్రె బరువును బట్టి లెక్కకట్టి తాబేలుకు మందు వేయడమూ కూడదు.

ఇంతకూ రైతు చేయవలసినదేమిటి? నక్షత్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ వున్న జీవి. పట్టుకోవడం, ఇంట్లో పెంచడం, అమ్మడం నేరం. దీన్ని దొంగతనంగా పరదేశాలకు పంపే వ్యాపారం ఎక్కువవడం వల్ల 2019 లో అంతర్జాతీయ ఒప్పందం కింద కూడా అత్యంత కఠినమైన రక్షణ జాబితాలో చేర్చారు. అంచేత పొలంలో తాబేలు కనిపిస్తే, దెబ్బ లేకపోతే, దాని దారిన దాన్ని పోనీయండి. ట్రాక్టరు దారిలో వుంటే అది వెళుతున్న వైపు గట్టుదాకా చేర్చి వదలండి. గట్టుమీద గడ్డి కాల్చేముందు తుప్పలు ఒకసారి కర్రతో కదిపి చూడండి. దెబ్బ తగిలినది దొరికితే గాలి ఆడే పెట్టెలో నీడన పెట్టి అటవీశాఖ వారికి కబురు చేయండి.

స్వామి పేరున తాబేలుకు సేవ చేయాలని వుంటే పొలంగట్టున నాలుగు తుప్పలు నరకకుండా మిగల్చండి. పోట్లాడినా తప్పుకునే చోటు దానికి అక్కడే వుంది. గోడల మధ్య మనం ఎంత సర్దినా అంత చోటు ఇవ్వలేం.