పద్దెనిమిదేళ్ళు దాటినా రాని ఆట – అభిమానుల అంచనాలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా విజ్ఞానదాయకమైన వ్యాసం రాయమని వార్డెన్ సార్ కబురు పెట్టారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను కాబట్టి కృష్ణబిలాల గురించో, సౌరశక్తి గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను మాత్రం ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. అదీ ఇంకా రాని గేమ్ గురించి. ‘చదువుకోరా అంటే ఆటలా’ అని కోప్పడకుండా చివరిదాకా చదవాలని సార్‌కు మనవి.

ఆట పేరు హాఫ్ లైఫ్. ఇంటర్ ఫిజిక్స్‌లో రేడియోధార్మికత చదివినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. ఒక పదార్థంలో సగం పరమాణువులు విఘటనం చెందడానికి పట్టే కాలమే అర్ధాయువు. ఆట అట్ట మీద కనిపించే లాంబ్డా గుర్తు కూడా ఆ పాఠంలోదే. కథానాయకుడు గోర్డన్ ఫ్రీమన్ కండలు తిరిగిన వీరుడు కాదు. కళ్ళజోడు పెట్టుకొన్న భౌతిక శాస్త్రవేత్త. అతని చేతికి దొరికే మొదటి ఆయుధం చెక్కపెట్టెల మేకులు పెరికే ఇనుప కడ్డీ. మన సబ్జెక్టు ఆయన హీరో అయ్యాడంటే ఎవరికి ఇష్టం ఉండదు చెప్పండి!

పాత బ్యాచ్‌ల అన్నలకు ఈ పేరు తెలియకపోయినా కౌంటర్ స్ట్రయిక్ తెలిసే ఉంటుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి, పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చొని ఒకరినొకరు కాల్చుకొన్న ఆట అది. అది పుట్టింది హాఫ్ లైఫ్ కడుపునే. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు హాఫ్ లైఫ్‌ను మార్చి 1999లో కౌంటర్ స్ట్రయిక్ తయారు చేశారు. 2000లో హాఫ్ లైఫ్ కంపెనీయే దాన్ని సొంతం చేసుకొని విడుదల చేసింది. ఆ కంపెనీ వాల్వ్. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటకొచ్చిన గేబ్ న్యూయెల్, మైక్ హారింగ్టన్ 1996లో దాన్ని స్థాపించారు.

మొదటి భాగం 1998 నవంబరులో, రెండో భాగం 2004 నవంబరులో వచ్చాయి. నా చేతికి వచ్చేసరికి 2024. రెండో భాగానికి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా కంపెనీ దాన్ని కొద్దిరోజులపాటు ఉచితంగా ఇచ్చింది. కొనుక్కొనే స్తోమత నాకు ఎలాగూ లేదు. పీజీ హాస్టల్లో మా రూమ్మేట్ లాప్‌టాప్ పాతదే అయినా ఆట దానికంటే పాతది కాబట్టి బాగానే నడిచింది. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక వారం రాత్రులు కూర్చొని పూర్తి చేశాం. అయిపోయాక నేను ‘తరువాతి భాగం పెట్టరా’ అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. ఆ కథ ఆగిపోయింది 2007 అక్టోబరులో. అప్పటికి నాకు ఐదేళ్ళు, అంగన్‌వాడీలో పలక పట్టుకొని ఉన్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో బ్లాక్ మెసా అనే రహస్య పరిశోధనాలయం. అక్కడ ఫ్రీమన్ చేసిన ఒక ప్రయోగం వికటించి వేరే లోకానికి దారి తెరుచుకొంటుంది. దాని పర్యవసానంగా కంబైన్ అనే గ్రహాంతర సామ్రాజ్యం భూమిని ఆక్రమిస్తుంది. జీ మ్యాన్ అని ఒకడుంటాడు. సూటు వేసుకొని, చేతిలో బ్రీఫ్‌కేసు పట్టుకొని, మాటలు విరుస్తూ మాట్లాడతాడు. వాడు ఎవరి తరఫున పనిచేస్తాడో ఇప్పటిదాకా చెప్పలేదు. వాడే ఫ్రీమన్‌ను కాలం సాగని చోట దాచి, చాలా ఏళ్ళ తరువాత లేపి రెండో భాగంలోకి తెచ్చి వదులుతాడు. అక్కడ ఈలై వాన్స్ అనే శాస్త్రవేత్త, ఆయన కూతురు అలిక్స్ ఫ్రీమన్‌కు తోడవుతారు.

రెండో భాగం తరువాత పెద్ద ఆట కోసం ఏళ్ళు ఆగకుండా చిన్నచిన్న ఎపిసోడ్లుగా ఇస్తామని కంపెనీ చెప్పింది. మొదటి ఎపిసోడ్ 2006లో, రెండోది 2007లో ఇచ్చింది. మూడోది 2007 క్రిస్మస్ నాటికే అన్నారు. రెండో ఎపిసోడ్ చివర్లో ఒక కంబైన్ జీవి కూతురి కళ్ళముందే ఈలైని చంపేస్తుంది. అలిక్స్ తండ్రి శవం మీద పడి ఏడుస్తుండగా తెర నల్లబడుతుంది. అంతే. ఉత్తర ధ్రువం మంచులో చిక్కుకొన్న బోరియాలిస్ అనే ఓడ దగ్గరకు వెళ్ళాలన్న మాట అలాగే మిగిలిపోయింది.

ఇక్కడినుంచే అభిమానుల అంచనాలు మొదలయ్యాయి. ఎగతాళి కూడా మొదలైంది. ఈ కంపెనీ పోర్టల్ 2 తీసింది, లెఫ్ట్ ఫోర్ డెడ్ 2 తీసింది, టీమ్ ఫోర్ట్రెస్ 2, డోటా 2 తీసింది. కానీ దేనికీ మూడో భాగం లేదు. కాబట్టి వీళ్ళకు మూడు దాకా లెక్కపెట్టడం రాదని ఒక జోకు. ఎవరైనా ఆట పేరు ఎత్తితే విడుదల ఇంకో నెల వెనక్కి పోతుందని ఇంకో జోకు.

జోకులు పక్కన పెడితే, ఎక్కువమంది అంచనాలు కథను పట్టుకొని వేసినవే. ఓడ ఉంది కాబట్టి అందులోకి వెళతారు. తండ్రి చనిపోయాడు కాబట్టి కూతురు పగ తీర్చుకొంటుంది. 2011లో వచ్చిన పోర్టల్ 2 ఆటలో ఒక మూల ఆ ఓడ ఉండాల్సిన రేవు ఖాళీగా కనిపించింది. ఓడ రేవుతో సహా మాయమైందన్న పాత మాటకు అది సాక్ష్యమని అభిమానులు సంబరపడ్డారు. ఇవి తెలివితక్కువ ఊహలేమీ కాదు. నిజానికి చాలావరకు సరైనవే. ఎలాగంటారా? ఈ ఆటల ప్రధాన రచయిత మార్క్ లెయిడ్‌లా 2016లో కంపెనీని విడిచిపెట్టారు. 2017 ఆగస్టులో ఆయన తన సొంత పుటలో ఒక ఉత్తరం పెట్టారు. పాత్రల పేర్లు మార్చి, మగవాళ్ళను ఆడవాళ్ళుగా, ఆడవాళ్ళను మగవాళ్ళుగా చేసి రాశారు. అభిమానులు కొద్దిసేపట్లోనే అసలు పేర్లు పెట్టి చదువుకొన్నారు. అది రాని ఎపిసోడ్ కథే! ఓడ కాలంలోనూ స్థలంలోనూ నిలకడ లేకుండా ఊగుతుంటుంది. దాన్నే బాంబుగా మార్చి కంబైన్ గుండె మీదికి పంపాలనుకొంటారు. చివరి క్షణంలో జీ మ్యాన్ వచ్చి అలిక్స్‌ను తీసుకుపోతాడు. ఒక నక్షత్రాన్నే చుట్టి కప్పేసిన కంబైన్ కట్టడం ఎంత పెద్దదో ఫ్రీమన్ అప్పుడు చూస్తాడు. తమ బాంబు దాని ముందు అగ్గిపుల్ల అని అతనికి అర్థమవుతుంది.

అది చదివి కొందరు ఏడ్చారు, కొందరు కోపంతో ఆ కంపెనీ వేరే ఆట మీద చెడ్డ సమీక్షలు గుట్టలుగా రాసి పడేశారు. ఇంకొందరు ‘మీరు తీయకపోతే మేమే తీస్తాం’ అని ప్రాజెక్ట్ బోరియాలిస్ పేరుతో పని మొదలుపెట్టి 2024లో దాని ముందుమాట లాంటి చిన్న భాగాన్ని విడుదల చేశారు. జీతం బత్తెం లేకుండా చేసిన పని అది. నాకు ఈ మూడో రకం వాళ్ళంటేనే గౌరవం.

ఇంత సరిగ్గా ఊహించినవాళ్ళు కూడా 2020లో బోల్తాపడ్డారు. ఆ ఏడాది మార్చిలో హాఫ్ లైఫ్: అలిక్స్ వచ్చింది. అందులో ఫ్రీమన్ కాదు, అలిక్స్ కథానాయిక. కథ ముందుకు కాదు, రెండో భాగానికి ఐదేళ్ళు వెనక్కి వెళ్ళింది. పైగా కళ్ళకు పరికరం తగిలించుకొని మాత్రమే ఆడాలి. ఇవన్నీ ఒక ఎత్తు, ముగింపు ఒక ఎత్తు. జీ మ్యాన్ అలిక్స్‌కు భవిష్యత్తులో జరగబోయే తండ్రి మరణం చూపిస్తాడు. ఆమె ఆ జీవిని చంపి తండ్రిని కాపాడుకొంటుంది. అందుకు వెలగా ఫ్రీమన్ స్థానంలో ఆమెనే వాడు పట్టుకుపోతాడు. తరువాతి దృశ్యంలో మళ్ళీ మనం ఫ్రీమన్. ఎదురుగా ఈలై బతికే ఉంటాడు. కూతురు ఏమైందో గ్రహించి, ఇనుప కడ్డీ మన చేతిలో పెడతాడు. పదమూడేళ్ళుగా ఏ చావును పునాది చేసుకొని అభిమానులు ఊహలు కట్టారో ఆ చావే లేకుండా పోయింది.

ఎక్కడ తప్పారు? నాకు తోచింది చెబుతాను. వాళ్ళు కథ ఎటు పోతుందని అడిగారు. తీసేవాళ్ళు అడిగే ప్రశ్న వేరు. 2024లో ఇరవయ్యేళ్ళ సందర్భంగా కంపెనీ ఒక డాక్యుమెంటరీ విడుదల చేసింది. అందులో ఆగిపోయిన ఎపిసోడ్ దృశ్యాలు చూపించారు. మంచును చిమ్మి గోడలు కట్టే తుపాకీ ఉంది, ద్రవంలా జారే ఒక జీవి ఉంది. కొంతకాలం పనిచేసి, వేరే ఆటకు సాయం వెళ్ళి, తిరిగి వచ్చేసరికి సమయం దాటిపోయిందని చెప్పారు. న్యూయెల్ చెప్పిన కారణం ఇంకా ముఖ్యమైనది. కథను ముందుకు జరపడం ఒక్కటే ఆట తీయడానికి సరిపడా కారణం కాదన్నాడు. కొత్తగా ఏం ఇస్తున్నామో ఆయనకు తేలలేదు.

ఆడినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. రెండో భాగంలో ఒకచోట దారి ఎత్తులో ఉంటుంది, ముందు ఒక ఊగే పలక ఉంటుంది. పక్కన పడిన ఇటుకలు ఒక చివర పేర్చితే రెండో చివర లేస్తుంది. భ్రామకాల సూత్రం! ఇంకోచోట నీటిలో మునిగిన పలక కింద ఖాళీ ప్లాస్టిక్ పీపాలు తోస్తే అది తేలి మెట్టు అవుతుంది. ఆర్కిమెడిస్! వస్తువులను లాగి విసిరే గ్రావిటీ గన్ సంగతి సరేసరి. 2004లో ఆటలోని వస్తువులకు బరువు, తేలే గుణం ఇంత నిజంగా ఉండటం పెద్ద విశేషం. ఆ తరువాత 2020లో కళ్ళకు తగిలించుకొనే పరికరం. అంటే కొత్త పనిముట్టు దొరికినప్పుడే వీళ్ళు ఈ ఆటను బయటకు తీస్తారు.

ఇక రెండో రకం అంచనాలు ఫైళ్ళు తవ్వేవాళ్ళవి. వాల్వ్ కొత్త ఆటలు సోర్స్ 2 అనే ఒకే యంత్రం మీద నడుస్తాయి. అందువల్ల డోటాకో, కౌంటర్ స్ట్రయిక్‌కో కొత్త మార్పులు పంపినప్పుడు, వేరే ఆట కోసం రాసిన పేర్లు, అమరికలు కూడా పొరపాటున వాటితో వచ్చేస్తాయి. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి తేడా చూస్తే అవి బయటపడతాయి. అలా దొరికిన గుప్తనామమే హెచ్.ఎల్.ఎక్స్. 2024లో ఒక నటి పని వివరాల్లో వాల్వ్ కోసం ‘వైట్ శాండ్స్’ అన్న ప్రాజెక్టు పేరు కనిపించింది. వైట్ శాండ్స్ కూడా న్యూమెక్సికోలోదే. అదే ఏడాది చివరి రోజున జీ మ్యాన్‌కు గొంతు ఇచ్చిన మైక్ షాపిరో, ఆ పాత్ర గొంతుతోనే రాబోయే ఆశ్చర్యాల గురించి ఒక సందేశం పెట్టాడు. అభిమానులకు పండగే పండగ. 2025 నవంబరులో వాల్వ్ కొత్త యంత్రాలు ప్రకటించినప్పుడు దాంతోపాటే ఆట కూడా అని అందరూ కాచుకొని కూర్చున్నారు. యంత్రాలే ప్రకటించారు, ఆట పేరు ఎత్తలేదు.

ఇది చూసినప్పుడు నాకు మా పీజీ హాస్టల్ గుర్తొచ్చింది. అక్కడ రోజూ నడిచేది నోటిఫికేషన్ అంచనాలే. రెండేళ్ళ కిందట ‘ఫైలు కదిలింది, దసరాలోపు ఖాయం’ అని ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు చెబితే నమ్మాను. అమ్మ డ్వాక్రా గ్రూపులో ఎనిమిది వేలు అప్పు తీసి ఇచ్చింది. దసరా పోయింది, సంక్రాంతి పోయింది. అమ్మ ఆ అప్పు కూలి డబ్బులతో నెలనెలా కట్టింది, నన్ను ఒక్క మాట అడగలేదు. ఫైలు కదలడం అబద్ధం కాకపోవచ్చు. కదిలిన ఫైలు ఆగిపోతుందన్న సంగతి నేను లెక్కలో వేసుకోలేదు.

హాఫ్ లైఫ్ విషయంలోనూ సరిగ్గా ఇదే. 2013–14 ప్రాంతంలో హాఫ్ లైఫ్ 3 పేరుతోనే కంపెనీలో పని మొదలై ఆగిపోయిందని 2020లో బయటపడింది. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కేన్ సంస్థ రావెన్‌హోమ్ అన్న ఊరి కథతో ఒక ఎపిసోడ్ చాలా దూరం తీశాక రద్దయింది. అప్పట్లో ఎవరైనా ఫైళ్ళు తవ్వి ఉంటే వాటి పేర్లూ దొరికేవి. కాబట్టి ఫైలులో పేరు దొరికితే పని జరుగుతోందని చెప్పవచ్చు, ఆట వస్తుందని చెప్పలేం. ఫలానా తేదీ అని చెప్పేవాణ్ణి అసలే నమ్మను.

అయితే నీ అంచనా ఏమిటని అడుగుతారు. ఫైళ్ళు తవ్వినవాళ్ళు చెప్పేవాటిలో నాకు నచ్చింది ఒకటుంది. ఆటలోని వస్తువులు వేడెక్కడం, చల్లబడటం, మండటం వంటి గుణాలకు సంబంధించిన అమరికలు కనిపించాయంటారు. రెండో భాగం నడిచింది యాంత్రికశాస్త్రం మీద. ఆగిపోయిన ఎపిసోడ్‌లో మంచు తుపాకీ ఉంది. ఈ రెండూ కలిపితే తరువాతి ఆట ఉష్ణగతికశాస్త్రం మీద నడవాలి. గోడను వేడి చేసి కరిగించడమో, నీటిని గడ్డకట్టించి దాని మీద నడవడమో ఉంటుంది. కథలో ఫ్రీమనే ఉంటాడు, వెతికేది అలిక్స్ కోసం. ఓడ ఉంటుంది గానీ ఉత్తరంలో చెప్పినట్టు ఉండదు.

మా రూమ్మేట్ మాత్రం ఒప్పుకోడు. అలిక్సే కథానాయిక అని వాడి వాదన. ఇద్దరి అంచనాలూ నా థర్మోడైనమిక్స్ నోట్సు చివరి పేజీలో తేదీ వేసి, సంతకాలు పెట్టి రాసుకొన్నాం. పందెం రెండు ప్లేట్ల బిర్యానీ. కోర్సు అయిపోయాక ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోతాం కాబట్టి, ఓడినవాడే బస్సు చార్జీ పెట్టుకొని రావాలని కింద ఇంకో షరతు కూడా రాశాం.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్స్) చివరి సంవత్సరం