రాలిన ఆకే రేపటి ఎరువు

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము కలదు. 1998లో జాతీయ వనముగా ప్రకటింపబడిన దీని వైశాల్యము సుమారు 390 ఎకరములు. చుట్టును మేడలు, బాటలు. నడుమ రాళ్ల గుట్టలపై ఆకు రాల్చు అడవి. ఇచ్చట ఎవరును యూరియా చల్లరు, పేడ తోలరు. అయినను ఏటేట చెట్లు చిగుర్చుచునే యున్నవి. వీనికి బలమెక్కడిది?

ఊరు మారువాడు విలువైన సామాను ముందుగా సర్దుకొన్నట్లు, చెట్టు ఆకు రాల్చుటకు ముందే అందలి నత్రజని, భాస్వరములలో దాదాపు సగము కొమ్మలలోనికి తీసికొనును. మిగిలినది ఆకుతో నేలకు చేరును.

తేమ లేనిదే ఆకు చక్కగా క్రుళ్లదు. వేసవిలో ముఖ్యముగా చెదలే పనిచేయును. జూన్‌లో తొలకరి పడగానే ఆకులోని పొటాషు నీటితో నేలలోనికి దిగును. రోకలిబండలు, వానపాములు ఆకును తునియలు చేయును. బూజులు, సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొనును. నత్రజని, భాస్వరము, సున్నము క్రమముగా వేళ్లకు అందును.

అన్ని ఆకులును ఒకే తీరున క్రుళ్లవు. కానుగ, గ్లైరిసిడియా ఆకులలో నత్రజని హెచ్చు. అవి త్వరగా మాగును. నత్రజని ఒక పాలునకు కర్బనము సుమారు 25 పాళ్లున్న సూక్ష్మజీవులకు సరిపోవును. వరిగడ్డిలో అది 60 పాళ్లకు మించవచ్చును. ఆ గడ్డిని దున్ని వెంటనే నాటినచో, ఆ జీవులు నేలలోని నత్రజనినే లాగుకొనును; పైరు పసుపుబారును. రైతు విత్తనమును నిందించును, దోషము తొందరపాటుది.

ఆకును తగులబెట్టుట అంతకంటె నష్టము. నత్రజనిలో అధికభాగము పొగలో పోవును. బూడిదలో మిగిలిన పొటాషును ఏటవాలు నేలలలో మొదటి వానయే కొట్టుకొనిపోవును. బహిరంగముగా చెత్త కాల్చుటను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో నిషేధించినది.

ఫిలింనగర్ ఇంటి తోటయైనను, పల్లెలోని చేనుగట్టు అయినను చేయవలసిన పని ఒక్కటే. మీటరు లోతు గోతిలో జానెడు మందమున ఆకు పరచి, పేడనీరు చల్లి, పలుచగా మన్ను కప్పవలెను. ఇట్లు పొరలు పేర్చి, పిండిన గుడ్డవలె తేమ నిలుపవలెను. నెలకొకసారి తిరుగవేసినచో మూడు నాలుగు నెలలలో నల్లని ఎరువు సిద్ధమగును. చెట్ల పాదులలో ఆకును అట్లే పరచినను తేమ నిలుచును.

అడవిలోని ఆకును మాత్రము తేరాదు. అది అడవి తిండి. మన గట్టున రాలినదే మనకు చాలును.