అమ్మ అదే మాట మళ్లీ అడిగితే

పోయిన ఎపిసోడ్‌లో మతిమరుపు గురించి మొదలుపెట్టి, టైం చాలక సగంలో ఆపేశాం. మిగతాది ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు, ఐటీఐ చదివి సైటు మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నవాణ్ని. కానీ ఈ సంగతి నా ఇంట్లోకే వచ్చింది కాబట్టి కొంచెం కూర్చుని చదివాను.

ఒక శుక్రవారం అమ్మ ఫోన్‌లో "ఈ నెల పైసలు పంపినవా బిడ్డా?" అంది. పంపిన అన్నాను. పది నిమిషాలు కాకముందే మళ్లీ అడిగింది. ఫోన్ పెట్టేముందు మూడోసారి. "ఎన్నిసార్లు చెప్పాలె అమ్మా" అని విసుక్కున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మెదడులో రెండు పక్కలా, చెవులకు లోపలి వైపున, హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఇవాళ జరిగింది రేపటికి గుర్తుండాలంటే ఇది పనిచేయాలి. ఈ సంగతి గట్టిగా తెలిసింది అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయన వల్ల. మూర్ఛలు తగ్గడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో, ఆయనకు ఆపరేషన్ చేసి రెండు పక్కలా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ 2008లో చనిపోయేదాకా కొత్త సంగతులు ఆయనకు నిలవనే లేదు. చిన్నప్పటివి గుర్తున్నాయి, ఇప్పుడే మాట్లాడి వెళ్లిన మనిషి తిరిగొస్తే మాత్రం కొత్తమనిషే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. రోజురోజుకీ గీత బాగుపడింది, ముందురోజు గీసినట్టు మాత్రం ఆయనకు గుర్తే లేదు. అంటే చేతిపని దాచుకునే చోటు వేరు. మన సైటులో పెద్ద మేస్త్రీలను చూడండి, కుర్రాళ్ల పేర్లు తారుమారు చేస్తారు గానీ ప్లాస్టరింగ్‌లో చెయ్యి తప్పదు.

వయసు మీద పడితే పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం మామూలే. ఏ మాట ఎవరు చెప్పారన్నది కూడా జారిపోతుంది, మాట మాత్రం మిగులుతుంది. ఫోన్ మోసగాళ్లకు కావలసింది అదే. అందుకే ఓటీపీ సంగతి అమ్మానాన్నలకు ఒకసారి చెప్పి వదిలేయకండి. భాష, లోకజ్ఞానం మాత్రం 60 దాటినా బాగానే నిలుస్తాయి. ఇక పాత కథలు మళ్లీ మళ్లీ చెప్పడమంటారా, పెద్దవాళ్లకు ఎక్కువగా గుర్తొచ్చేవి 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవి. పెళ్లి, మొదటి పని, మొదటి బిడ్డ అన్నీ అప్పుడే కదా. మా అమ్మ బావి తవ్విన కథ నేను వందసార్లు విన్నాను. అది జబ్బు కాదు.

చిన్నపిల్లల దగ్గర లెక్క వేరు. మూడేళ్లకు ముందు జరిగినవి పెద్దయ్యాక మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. నా కొడుకు ఏడాదివాడప్పుడు రెండు నెలల సెలవుపై వెళ్లి, వాణ్ని భుజాన వేసుకుని ఊరంతా తిప్పాను. వాడికి అది గుర్తులేదు, ఉండదు కూడా. ఇది తెలిసినప్పుడు మనసు చివుక్కుమంది. అయితే మోసిన చేతుల మీద కలిగిన నమ్మకం వేరే దారిలో పెరుగుతుందని చదివి కాస్త ఊరట పడ్డా. ఇంకోటి, ఎదుటివాడి మనసులో ఉన్నది తన మనసులో ఉన్నదానికి వేరుగా ఉండొచ్చని పిల్లలకు మెల్లగా తెలుస్తుంది, సుమారు నాలుగైదేళ్లకు. అంతకుముందు మామూలు ఫోన్‌లో "అన్నం తిన్నావా నాన్నా" అంటే తల ఊపి ఊరుకుంటారు. నాన్నకు కనబడదని వాళ్లకు తట్టదు. "మా వాడు నాతో మాట్లాడడు" అని బాధపడే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, వీడియో కాల్ చేయండి.

మళ్లీ అమ్మ దగ్గరికి వస్తా. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో అని వెతకడం ఒకటి, కొద్ది నిమిషాల్లోనే అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్క అస్సలు తేలకపోవడం ఇంకొకటి. రెండో రకం కనబడితే "వయసు కదా" అని వదిలేయొద్దు, డాక్టర్‌కి చూపించాలి. అల్జీమర్స్ కావచ్చు, కాకపోనూవచ్చు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా, మనసు కుంగినా మతిమరుపు వస్తుంది, వీటికి వైద్యం ఉంది. చెవుడు వచ్చినా మన జవాబు సరిగా వినబడక మళ్లీ అడుగుతారు. ఫోన్‌లో మనకు అది తెలియదు.

ఇంటిదగ్గర ఉన్న చెల్లెలికి చెప్పి రక్తపరీక్ష చేయించాను. అమ్మకు బీ12 బాగా తక్కువగా ఉంది. సూదులు మొదలుపెట్టారు, మూడు నెలలకు తేడా కనబడింది. ఇప్పుడు పైసలు పంపగానే చెల్లెలు గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుడుతుంది. అమ్మ అడగబోయి, అటు చూసి, బావి కథ ఎత్తుకుంటుంది.