ఒంటిగంట దాకా దీపావళి

మా కొత్తకోటలో పటాకులు ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు ఆపాలి అని నా చిన్నతనంలో అడిగినవారు లేరు. సంచీ ఖాళీ అయితే పండుగ అయినట్టే.

మొన్నటి దీపావళినాడు లండనునుంచి మా అన్నగారి అమ్మాయి ఫోను చేసింది. అక్కడ అప్పుడే పొద్దుగూకుతున్నదట. "చిన్నాయనా! ఇక్కడ ఈ రాత్రి ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చు, తెలుసా?" అన్నది.

తరువాత విచారిస్తే నిజమే. 2004 నాటి నిబంధనల ప్రకారం ఇంగ్లండులో రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు బాణసంచా కాల్చరాదు. కాలిస్తే జైలుశిక్ష కూడా పడవచ్చు. సడలింపు ఏడాదికి నాలుగు రాత్రులే. 1605లో పార్లమెంటును పేల్చబోయిన కుట్ర భగ్నమైన నవంబరు 5న అర్ధరాత్రి దాకా. ఆంగ్ల సంవత్సరాదికి, చీనా సంవత్సరాదికి, దీపావళికి ఒంటిగంట దాకా. పరాయి చట్టంలో మన పండుగ పేరు ఉన్నదంటే ఎవరికి సంతోషం కలుగదు! అయితే నడివీధిలో మాత్రం ఏనాడూ కాల్చరాదు. సొంత పెరడు ఉండవలసిందే.

అన్నిచోట్లా ఇంత ఉదారత లేదు. సింగపూరులో 1970 చీనా సంవత్సరాది టపాకాయలకు ఆరుగురు బలి అయ్యారు. 1972లో పూర్తి నిషేధం వచ్చింది. అక్కడి తెలుగు పిల్లలకు మిగిలినవి కాకరపువ్వొత్తులే. అమెరికాలోని మాసచూసెట్స్‌లో ఆ కాకరపువ్వొత్తి వెలిగించడమూ నేరమే; పొరుగు రాష్ట్రంలో కొని తెచ్చుకున్నా తప్పే.

మరి మనకు నియమం లేదా? ఉన్నది. 2015లో ఢిల్లీలో ఏడాదిన్నర అయినా నిండని ముగ్గురు పసివాళ్ళ పేరున వారి తండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యంలోనే 2018 అక్టోబరు 23న, దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకు మాత్రమే కాల్చాలని న్యాయస్థానం ఆజ్ఞాపించింది.

ఆ రాత్రి మా వాకిట్లో మోత ఫోనులో విని అమ్మాయి, "మరి మీకు ఎప్పటిదాకా, చిన్నాయనా?" అని అడిగింది. గడియారం చూశాను. పదిన్నర దాటింది. కాలుస్తున్నది మా అబ్బాయే. నేను మాట మార్చాను.

మరునాడు పొరుగింటికి మిఠాయి తీసుకువెళ్ళాను. ఆ ఇంటి కోడలు నెల బిడ్డను ఒళ్ళో వేసుకొని కూర్చున్నది. రాత్రంతా బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తూనే ఉన్నదట. "పండుగ కద సారూ, ఏమంటం!" అన్నది.

ఆమె ఏమీ అనలేదు. నియమం తెలిసీ నోరు మెదపనివాణ్ణి నేనే. ఈ ఏడు మా ఇంట పదికల్లా పటాకులు ఆగుతాయి. దీపాలంటారా, అవి తెల్లవార్లూ వెలిగినా ఏ పసిబిడ్డా ఉలిక్కిపడదు.