పందెంపై నిషేధం సరే... ఫిక్సింగ్‌కు శిక్షేదీ?

సాలువా (ఖరగ్‌పూర్): క్రీడలపై పందేలను చట్టబద్ధం చేస్తే ఆటలో అవినీతి తగ్గుతుందా, మరింత పెరుగుతుందా అన్న వివాదం ప్రపంచమంతటా సాగుతుండగా, భారతదేశం 2025లో నిషేధం వైపే మొగ్గింది. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే బిల్లును పార్లమెంటు ఆ ఏడాది ఆగస్టు 21న ఆమోదించగా, మరునాడే రాష్ట్రపతి ఆమోదముద్ర లభించింది. ఇటువంటి ఆటలను నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే డబ్బు పుచ్చుకుని ఆటను అమ్ముకునే క్రీడాకారుణ్ని శిక్షించే విషయం ఈ చట్టం పరిధిలో లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రాష్ట్రానికొక నీతి

రాజ్యాంగం ప్రకారం జూదం రాష్ట్రాల జాబితాలోని అంశం. అందువల్ల కేంద్ర చట్టం రాకముందు ఒకే ఆటకు రాష్ట్రానికొక నీతి వర్తించేది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీని సైతం నిషేధించాయి. పశ్చిమ బెంగాల్‌లో అమలులో ఉన్న 1957 నాటి చట్టమేమో రమ్మీ, పోకర్, బ్రిడ్జి ఆటలను జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. రైల్వే ఉద్యోగాల కోసం తరతరాలుగా తెలుగువారు వలస వచ్చి స్థిరపడిన ఖరగ్‌పూర్‌లోనూ, చేరువలోని సాలువాలోనూ అభ్యంతరం లేని ఆట, వారి బంధువులుండే శ్రీకాకుళం జిల్లాలో నేరమైంది.

గుర్రపు పందేల సంగతి వేరు. అవి నైపుణ్యంతో కూడిన క్రీడ అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. కలకత్తా టర్ఫ్ క్లబ్బులోనూ, హైదరాబాద్ మలక్‌పేటలోనూ వాటిపై పందెం కాయడం నేరం కాదు. క్రికెట్‌పై పందేలకు మాత్రం అటువంటి గుర్తింపు లేనందున ఆ వ్యాపారమంతా బుకీల చేతుల్లో చీకటిచాటున సాగుతూ వచ్చింది.

రెండు దేశాలు, రెండు ఫలితాలు

లండన్‌లోని లార్డ్స్ మైదానంలో 2010లో జరిగిన టెస్టులో పాకిస్థాన్ బౌలర్లు ముందుగా కుదుర్చుకున్న బంతులను నోబాల్స్‌గా వేశారు. ఈ కేసులో సల్మాన్ బట్, మహమ్మద్ ఆసిఫ్, మహమ్మద్ ఆమిర్‌లకు బ్రిటన్ న్యాయస్థానం 2011 నవంబరులో జైలుశిక్షలు విధించింది. పందేలు చట్టబద్ధమైన ఆ దేశంలో, 2005 నాటి జూద చట్టమే జూదంలో మోసాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఆ నిబంధన వారి శిక్షలకు ఆధారమైంది. అయితే ఈ కుట్రను బయటపెట్టింది అక్కడి పందేల సంస్థలు కావు, మారువేషంలో వెళ్లిన ఒక పత్రికా విలేఖరి అన్నది గమనార్హం.

భారత్‌లో కథ వేరుగా నడిచింది. దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే బండారాన్ని ఢిల్లీ పోలీసులు 2000 ఏప్రిల్‌లో బయటపెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాదీ క్రికెటర్ మహమ్మద్ అజహరుద్దీన్‌పై క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించింది. ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో తీర్పునిచ్చింది. 2013 నాటి ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో శ్రీశాంత్ సహా నిందితులందరినీ ఢిల్లీ కోర్టు 2015 జూలైలో విడిచిపెట్టింది. మ్యాచ్ ఫిక్సింగ్ క్రమశిక్షణారాహిత్యమే తప్ప శిక్షాస్మృతి 420వ సెక్షన్ కింద మోసం కాదని కర్ణాటక హైకోర్టు 2022 జనవరిలో స్పష్టం చేయడంతో చట్టంలోని లొసుగు పూర్తిగా బయటపడింది.

అమెరికా అనుభవం

చట్టబద్ధం చేయడమే విరుగుడన్న వాదానికి అమెరికా పరీక్షాక్షేత్రంగా మారింది. పందేలను అనుమతించే అధికారం రాష్ట్రాలదేనని అక్కడి సుప్రీంకోర్టు 2018 మేలో తీర్పు చెప్పిన తరువాత 30కి పైగా రాష్ట్రాలు తలుపులు తెరిచాయి. పన్నుల ఆదాయంతో పాటు కుంభకోణాలూ వచ్చిపడ్డాయి. టొరంటో బాస్కెట్‌బాల్ ఆటగాడు జోంటే పోర్టర్ తన ఆరోగ్య సమాచారాన్ని పందెగాళ్లకు చేరవేసి, అనారోగ్యం సాకుతో ఆట మధ్యలో తప్పుకున్నట్లు తేలడంతో 2024 ఏప్రిల్‌లో అతడిపై జీవితకాల నిషేధం పడింది. అతడి గణాంకాలపై ఒకరు 80 వేల డాలర్లు కాయగా, అనుమానం వచ్చిన పందేల సంస్థ ఆ సొమ్మును స్తంభింపజేసింది.

ఈ ఒక్క ఉదంతంలోనే రెండు పాఠాలున్నాయి. పందెం లెక్కల్లోకి ఎక్కితే అనుమానాస్పదమైన మొత్తం కంటపడుతుంది. అదే సమయంలో మ్యాచ్ ఫలితంపై కాక ఒక్కొక్క ఆటగాడి ప్రదర్శనపై పందేలు అనుమతిస్తే, జట్టును ఓడించే పనిలేకుండానే ఒక్కడే ఆటను అమ్ముకునే వీలు కలుగుతుంది.

పక్కన పడిన సిఫార్సు

క్రికెట్ పందేలను చట్టబద్ధం చేయాలనీ, ఆటగాళ్లను, నిర్వాహకులను మాత్రం వాటికి దూరంగా ఉంచాలనీ జస్టిస్ లోధా కమిటీ 2016 జనవరిలో సూచించింది. నిషేధం సాధ్యం కాని పక్షంలో నియంత్రణే మార్గమని లా కమిషన్ 2018 జూలైలో తన 276వ నివేదికలో పేర్కొంది. మ్యాచ్ ఫిక్సింగ్‌ను ప్రత్యేక నేరంగా ప్రకటించి కఠిన శిక్షలు విధించాలని కూడా అదే నివేదిక కోరింది. క్రీడా మోసాల నివారణకు కేంద్రం 2013లోనే రూపొందించిన ముసాయిదా బిల్లు చట్టరూపం దాల్చలేదు. పొరుగున ఉన్న శ్రీలంక మాత్రం 2019లోనే ఫిక్సింగ్‌ను నేరంగా ప్రకటిస్తూ పదేళ్ల వరకు జైలుశిక్షకు వీలు కల్పించింది.

పందేలను అనుమతించాలా, నిషేధించాలా అన్నదానిపై ప్రభుత్వాలు ఏ వైఖరినైనా తీసుకోవచ్చు. నిషేధిస్తే సామాన్యుడి జేబుకు కొంత రక్షణ లభిస్తుంది, అనుమతిస్తే ఖజానాకు పన్ను వస్తుంది. అయితే ఈ రెంటిలో ఏ ఒక్కటీ ఆటగాడి నిజాయితీకి హామీ ఇవ్వదు. టికెట్టు కొని మ్యాచ్ చూసే ప్రేక్షకుణ్ని మోసగించినవాడు క్రికెట్ బోర్డుకే కాక న్యాయస్థానానికి కూడా జవాబు చెప్పుకోవలసిన రోజు వస్తేనే ఆ హామీ దక్కుతుంది.