ఇన్వర్టర్ బ్యాటరీ ఎందుకు చేతులెత్తేస్తుంది?

వర్షాకాలంలో ఒక రాత్రి డిగ్నాబాద్‌లో కరెంటు పోయింది. అండమాన్ రాజధానిలో, 2024 దాకా పోర్ట్ బ్లెయిర్‌గా, ఇప్పుడు శ్రీ విజయ పురంగా పిలుస్తున్న నగరంలో, ఇదొక వాడ. కరెంటు పోవడం అక్కడ వింతేమీ కాదు. మా పెద్దమ్మ నిద్రలోంచి కూడా లేవలేదు. ఇన్వర్టర్ ఉంది కదా, పెదనాన్నకు రాత్రంతా పెట్టాల్సిన ఆక్సిజన్ యంత్రం దాని మీదే నడుస్తుంది.

20 నిమిషాలకు ఇన్వర్టర్ కూత పెట్టింది. "ఇదేటి నాన్నా, అప్పుడే కూస్తోంది? పోయినేడు తెల్లారేదాకా వచ్చీది కదా" అంటూ పెద్దమ్మ నన్ను లేపింది. పక్కనే చిన్న సిలిండర్ ఉండబట్టి ఆ రాత్రి గడిచింది. కానీ ప్రశ్న మిగిలింది. నాలుగేళ్ల బ్యాటరీలు రెండు. రెండూ పోయాయా, ఒక్కటే పోయిందా? అసలు తప్పు బ్యాటరీదేనా?

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. చెన్నై నుంచైనా, విశాఖపట్నం నుంచైనా సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటితే గానీ రాని ఈ దీవులకు జాతీయ విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు. కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఆ ఇళ్లలో ఇన్వర్టర్లు, చేపల పడవల్లో లైట్లు, పర్యాటకులు తిరిగే కారవాన్‌లో ఫ్యానూ ఫ్రిజ్జూ, అన్నింటి వెనకా తరచూ ఉండేది ఒకే రకం బ్యాటరీ. నెమ్మదిగా, ఎక్కువసేపు కరెంటు ఇచ్చే సీసం-ఆమ్లం బ్యాటరీ.

పెట్టెలో ఏం జరుగుతుంది?

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన ఈ బ్యాటరీ సూత్రం ఇప్పటికీ మారలేదు. ఒక పలక సీసం, ఇంకో పలక సీసం డయాక్సైడు, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. చార్జింగ్ పెడితే సల్ఫేటు కరిగి ఆమ్లం మళ్లీ చిక్కబడుతుంది. ఒక్కో గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అలాంటి ఆరు గదులు వరసగా కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ.

చిక్కు ఎక్కడంటే, ఆ సల్ఫేటును చాలాకాలం అలాగే వదిలేస్తే చిన్న చిన్న స్ఫటికాలు కలిసి పెద్ద గట్టి స్ఫటికాలవుతాయి. అవి మామూలు చార్జింగ్‌కు కరగవు. బ్యాటరీ ఇవ్వాల్సిన శక్తి ఆ పెంకు కింద బందీ అయిపోతుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు.

లెక్క ఏం చెబుతోంది?

బ్యాటరీని అనుమానించే ముందు దాని నుంచి ఎంత ఆశించాలో తెలియాలి. ఆ ఇంట్లో 150 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉన్నాయి, అంటే 24 వోల్టులు. ఆక్సిజన్ యంత్రం వాడేది సుమారు 350 వాట్లు. ఇన్వర్టర్‌లో 15 శాతం నష్టపోతుందనుకుంటే బ్యాటరీల నుంచి లాగే కరెంటు సుమారు 17 ఆంపియర్లు. బ్యాటరీ పదికాలాలు ఉండాలంటే సగానికి మించి వాడకూడదు. ఆ సగం 75 ఆంపియర్-గంటల్ని 17తో భాగిస్తే నాలుగు గంటల పైమాటే. మాకు వచ్చింది 20 నిమిషాలు. తేడా మామూలు ముసలితనంతో వచ్చేది కాదు.

మొదటి రోజు: కంటికి కనిపించేవి

ఉప్పుగాలి తగిలే చోట ముందు చూడాల్సింది టెర్మినళ్లు. బోల్టుల మీద తెల్లగా, పచ్చగా బూజులా పేరుకుంటే కరెంటుకు అక్కడే అడ్డు. లోడు నడుస్తుండగా మల్టీమీటర్ ఒక కొస టెర్మినల్ మీద, ఇంకో కొస దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద పెట్టి చూస్తే రీడింగు సున్నాకు దగ్గరగా ఉండాలి. మాది అలాగే ఉంది. వైర్లు నిర్దోషులు.

తర్వాత నీటి మట్టం. ఒక్కో గది మూత మీద బెండు లాంటి సూచిక ఉంటుంది. ఆకుపచ్చ గీత పైకి ఉంటే నీళ్లు సరిపడా ఉన్నట్టు, ఎర్రదాకా దిగితే పోయాలన్నట్టు. పన్నెండు బెండ్లూ పైనే ఉన్నాయి. "నేను నెల నెలా చూస్తూనే ఉన్నాను" అంది పెద్దమ్మ, కాస్త నొచ్చుకుంటూ.

అయినా మూతలన్నీ విప్పాం. రెండో బ్యాటరీ నాలుగో గదిలో టార్చి వేస్తే పలకల పైభాగం పొడిగా కనిపించింది. బెండు పుల్ల గొట్టంలో ఇరుక్కుపోయింది. లోపల నీళ్లు తగ్గుతున్నా, అది నెలల తరబడి ఆకుపచ్చే చూపిస్తూ వచ్చింది. పెద్దమ్మ చూడకపోవడం కాదు, ఆమె చూసిన గుర్తే తప్పు.

పలకలు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోసి, రోజంతా చార్జింగ్ పెట్టాం. కుళాయి నీళ్లు పోయకూడదు. అందులోని ఇనుము బ్యాటరీని వాడకపోయినా దిగిపోయేలా చేస్తుంది, క్లోరైడు సీసాన్ని తినేస్తుంది.

రెండో రోజు: కొలతలు

చార్జింగ్ తీసేసి రాత్రంతా విశ్రాంతి ఇచ్చాక వోల్టేజీ చూశాం. మొదటి బ్యాటరీ 12.5, రెండోది 12.4. ఇక్కడితో ఆగితే రెండూ బాగున్నట్టే!

హైడ్రోమీటర్ అసలు సంగతి చెప్పింది. ఇది ఆమ్లం సాంద్రత నీటికంటే ఎన్ని రెట్లో చూపే గాజు గొట్టం. పదకొండు గదుల్లో 1.240 దగ్గర ఉంది. నాలుగో గదిలో 1.150. గది వోల్టేజీ దాదాపుగా ఆ అంకెకు 0.84 కలిపినంత ఉంటుంది. అంటే మంచి గదికి 2.08, చెడ్డ గదికి 1.99. తేడా 0.09 వోల్టు మాత్రమే. మొత్తం బ్యాటరీ వోల్టేజీలో ఆ లోటు కనబడీ కనబడనట్టు దాక్కుంది. పోయిన ఆమ్లం ఎటూ పోలేదు, గట్టిపడిన సల్ఫేటులో చిక్కుకుంది.

చివరిది లోడు పరీక్ష. సిలిండర్ అందుబాటులో ఉంచుకుని, యంత్రం బదులు అంతే వాట్ల బల్బులు వెలిగించి చూశాం. పావుగంటకు మొదటి బ్యాటరీ 12.1 దగ్గర నిలబడింది, రెండోది 9.6కు జారింది. ఐదు మంచి గదులు 10 వోల్టులిస్తుంటే, ఖాళీ అయిన నాలుగో గది ఎదురు తిరిగి 0.4 వోల్టు తినేస్తోంది. వరస కలుపులో ఒకే కరెంటు అన్ని గదుల గుండా పోవాలి కాబట్టి, అన్నింటికంటే బలహీనమైన గదే మొత్తం బండిని ఆపేస్తుంది. మరో విడత నెమ్మదిగా, ఎక్కువసేపు చార్జింగ్ పెట్టినా ఆ అంకె 1.165 దాటలేదు. ఇక ఆశ వదులుకున్నాం.

ఒకటా, రెండా?

పెద్దమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే: "ఒకటి బాగుంటే రెండూ ఎందుకు కొనాలి?" నాలుగేళ్లు వాడిన బ్యాటరీ పక్కన కొత్తది వరసగా కలిపితే, పాతది ముందే ఖాళీ అవుతుంది, చార్జింగ్‌లో ముందే నిండి అదనపు కరెంటుకు ఉడుకుతుంది. కొత్తదేమో సగం సగం నిండుతూ సల్ఫేటు పోగేసుకుంటుంది. ఒకే వయసు, ఒకే సామర్థ్యం, ఒకే రకం జత కావాలి. మనిషి ఊపిరి దాని మీద ఆధారపడ్డప్పుడు ఇందులో బేరం లేదు. రెండూ మార్చాం. బాగున్న పాతది ఒంటరిగా 12 వోల్టుల పనికి సరిపోతుంది. పక్కింటివాళ్ల పడవలో లైట్లకు ఇచ్చాం.

మార్చేటప్పుడు జాగ్రత్తలు కొన్ని తప్పవు. ఇన్వర్టర్ ఆపాలి. ముందు నెగటివ్ వైరు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి, రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు పేలడానికి. అందుకే గాలి ఆడే చోటే పెట్టాలి. ఆక్సిజన్ యంత్రం ఉన్న గదిలో అసలే వద్దు.

చెడిపోయినదాన్ని పెరట్లో పడేయడం ఇంకో ప్రమాదం. పిల్లల మెదడుకు సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతను 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. మన వంతు దాన్ని డీలరుకు అప్పగించడం. ఆమ్లం పారబోయకుండా, పెట్టె పెట్టెలాగే ఇవ్వాలి.

ఇదే నగరంలో ఎన్‌ఎల్‌సీ ఇండియా నిర్మించిన 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రానికి 8 మెగావాట్-గంటల బ్యాటరీ తోడుగా ఉంది. పెట్టె చిన్నదైనా పెద్దదైనా, వరసలో ఒక్కో గదిని విడిగా గమనించాల్సిందే.

పెద్దమ్మ ఇప్పుడు బెండ్లను నమ్మడం మానేసింది. నెలకోసారి మూతలు విప్పి టార్చితో చూస్తుంది, మూడు నెలలకోసారి హైడ్రోమీటర్ పెట్టి పన్నెండు అంకెలూ క్యాలెండర్ వెనక రాస్తుంది. మొన్న ఫోనులో చదివి వినిపించింది. అన్నీ 1.235 పైనే.